మింగిన మాత్ర

"ఈమె మందు మింగడం లేదు మేడమ్," అంటూ సాయిరాఘవ ల్యాప్‌టాప్‌ను డాక్టర్ విజయలక్ష్మి వైపు తిప్పాడు.

బల్ల మీద తెల్లటి సీసా ఉంది. అందులో మాత్రలున్నాయి గాని వాటికింకా పేరు పెట్టలేదు. సీసా మీద ఒక నంబరు మాత్రం ఉంది. పాత యాంటీబయాటిక్‌లు వేటికీ లొంగని పుండ్ల మీద ఈ కొత్త మందు పనిచేస్తుందా లేదా అని దేశంలో కొన్ని ఆసుపత్రుల్లో పరీక్షిస్తున్నారు. వాటిలో మార్కాపురంలోని ఈ ఆసుపత్రి ఒకటి. మందు కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చి, పరీక్ష సరిగ్గా జరుగుతున్నదో లేదో చూసిపోయే మనిషి సాయిరాఘవ. తలుపు దగ్గర నిలబడి ఉన్న అరుణకుమారి ఈ పరీక్షకు నర్సు. రోగులకు మాత్రలివ్వడం, ఎలా వేసుకోవాలో విడమరచి చెప్పడం, రక్తం తీసి పంపడం ఆమె పని. కాబట్టి ఈ రోగి ఆదిలక్ష్మమ్మ మందు మింగలేదంటే ఆ మాట అరుణకుమారికీ తగిలినట్టే.

"ఇక్కడ పడుకోబెట్టి సూదిమందుగా ఎక్కించినన్నాళ్లూ రక్తంలో మందు నిండుగా ఉంది," అన్నాడు సాయిరాఘవ. "ఇంటికి పంపి మాత్రలిచ్చాక జాడే లేదు. సీసాలో మాత్రలు మాత్రం లెక్క ప్రకారం తగ్గుతున్నాయి. కడుపులోకి పోకపోతే యాడికి పోతున్నట్టు? పెరట్లోకి."

"ఆమె అట్లాంటి మనిషి కాదు సార్," అంది అరుణకుమారి.

"సిస్టర్, మాదీ ఈ పక్కనున్న గిద్దలూరే. బట్టల దుకాణం. పల్లెల నుంచి వచ్చేవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఎదురుగా ఉంటే అన్నిటికీ తలూపుతారు, ఇంటికి పోయినాక వాళ్లిష్టం."

దుకాణంలో కూర్చుని లోకాన్ని చూసినవాడికి మనుషులంతా బేరగాళ్లలాగే కనిపిస్తారు కాబోలు. అరుణకుమారికి ఒళ్లు మండింది.

ఆదిలక్ష్మమ్మను లోపలికి పిలిచారు. భర్త ఆంజనేయులు భుజం పట్టుకుని, కట్టు కట్టిన ఎడమకాలు నేలకు ఆనీ ఆననట్టు వేస్తూ వచ్చింది. కంది కోసిన చేలో నడుస్తుంటే కొయ్య గుచ్చుకుని, బొటనవేలి పక్క వేలి కింద మొదలైన పుండు అది. అసలే చక్కెర జబ్బు. ఊళ్లో వేయించుకున్న సూదులకూ, మందుల షాపులో రెండేసి మూడేసి కత్తిరించి ఇచ్చిన మాత్రలకూ పుండులోని క్రిములు చావకపోగా బాగా రాటుదేలాయి. చివరికి అవి ఏ మందు పేరు చెప్పినా భయపడని స్థితికి వచ్చాక ఆదిలక్ష్మమ్మ ఇక్కడికి చేరింది.

"మాత్రలు మింగుతున్నావా అమ్మా?" అని అడిగాడు సాయిరాఘవ.

"మింగుతున్నా నాయనా."

"చేదుగా ఉంటాయని పారేయడం లేదు గదా? నిజం చెప్పు, నిన్నెవరూ ఏమనరు."

ఆమె అతని ముఖం చూసింది. తరువాత అరుణకుమారి వైపు చూసింది. "మింగినా," అంది మళ్లీ, ఈసారి కొంచెం నెమ్మదిగా.

ఆంజనేయులుకు కోపం ఆగలేదు. "ఏంది సార్ మీరనేది? అబద్దాలు చెప్పేదానికి దోర్నాల నుంచి బస్సెక్కి వచ్చినామా?" అని గొంతు పెంచాడు. ఆదిలక్ష్మమ్మ అతని చెయ్యి పట్టుకుని నొక్కింది. అతను ఆగిపోయాడు.

విజయలక్ష్మి కట్టు విప్పి, పుండు అంచులను జాగ్రత్తగా నొక్కి చూసింది. ఇంటికి పంపేనాటికి మానుతూ ఎర్రబడుతున్న పుండు మళ్లీ బూడిదరంగుకు తిరిగింది. "ఎముకలోకి ఇంకా పోలేదు," అంది. "పోయిందంటే ఈ వేలు తీసెయ్యాల్సిందే. వచ్చే కట్టు నాటికి తేలిపోతుంది."

"వేరే మందు లేదా మేడమ్?" అన్నాడు ఆంజనేయులు.

"ఈ పుండుకు లొంగే మందు మా దగ్గర ఇదొక్కటే ఉంది పెద్దాయనా."

వాళ్లు బయటికి పోయాక సాయిరాఘవ తన బాధ తాను చెప్పుకున్నాడు. మందు మింగని మనిషిని మింగినట్టు చూపిస్తే మందు పనిచేయలేదన్న చెడ్డపేరు వస్తుంది, ఎందరో ఏళ్ల తరబడి చేసిన పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది, కాబట్టి ఆమెను పరీక్షలోంచి తప్పించడమే మేలు అన్నాడు. అతను చెప్పింది అన్యాయమేమీ కాదు, ఆమె నిజంగా మింగకపోయి ఉంటే.

"వాళ్లింటికి పోయి కళ్లారా చూసి వస్తాను మేడమ్," అంది అరుణకుమారి. "నా ముందర మింగినాక కూడా రక్తంలో మందు లేకపోతే అప్పుడు ఏం చేస్తారో చెయ్యండి."

*

శ్రీశైలం పోయే బస్సులో సీటు దొరకాలంటే ఆ మల్లన్న దయ ఉండాలి. అరుణకుమారికి ఆ రోజు అది లేదు. రక్తం సీసాల చల్లపెట్టెను గుండెలకు హత్తుకుని, పెద్దదోర్నాల దాకా భక్తుల మధ్య నిలబడే వచ్చింది. అక్కడ దిగి ఆటో ఎక్కి పల్లె చేరేసరికి ఎండ చల్లబడింది.

ఆదిలక్ష్మమ్మ వసారాలో కాలు పీట మీద చాపుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంది. అరుణకుమారిని చూసి ముఖం విప్పారింది గాని, నోరు మాత్రం ఊరుకోలేదు.

"వచ్చినావా పాపా! ఏంది, నేను మింగేది చూసేదానికి పంపినారా?"

"అట్ల కాదు పెద్దమ్మా..."

"ఎట్లయినా కానీలే. పెరడు కూడా చూడు. ఆ అబ్బాయి పెరట్లోకి పోతున్నయ్ అన్నప్పుడు నేను తలుపవతలే ఉంటి."

అరుణకుమారి సిగ్గుపడింది. చెప్పులు విప్పి పక్కనే కూర్చుని, తానూ నాలుగు మిరపకాయలు అందుకుని తొడిమలు తీయసాగింది. ఘాటుకు ఇద్దరూ తుమ్ముకున్నారు, తుమ్మి నవ్వుకున్నారు.

ఆంజనేయులు ఫోన్‌లో మాత్ర వేళకు పెట్టిన గంట మోగింది. ఆదిలక్ష్మమ్మ వెంటనే చేట పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది, నోరు పుక్కిలించింది, పమిట భుజం నిండా కప్పుకుంది. సీసా తెరిచి మాత్రను అరచేతిలో వేసుకుని కళ్లకద్దుకుంది. నోట్లో వేసుకుని చెంబుతో నీళ్లు ఎత్తి గటగటా తాగింది. మాత్ర పెద్దది, చేదు. గొంతు దిగేటప్పుడు ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"చూడు," అని నోరు తెరిచింది.

చూడకపోతే వచ్చిన పని అబద్ధమవుతుంది. అరుణకుమారి ఫోన్ లైటు వేసి నాలుక కింద కూడా చూసింది. ఏమీ లేదు. తన తల్లి వయసు మనిషి నోట్లోకి దొంగసొమ్ము వెతికినట్టు చూడాల్సి వచ్చినందుకు ఆమెకు కష్టంగా అనిపించింది.

పక్కింటి రోశమ్మ చెంబెడు మజ్జిగ తెచ్చింది, ఎవరో వచ్చారని. "ఆయమ్మకియ్యి. నాకిప్పుడొద్దు, మందు మీదున్నా," అంది ఆదిలక్ష్మమ్మ.

"రెండు గంటలు పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టదమ్మా," అంది రోశమ్మ అరుణకుమారితో. "ఈ నిష్ఠతో జపం చేసుంటే ఈపాటికి దేవుడు దిగొచ్చుండేటోడు."

అరుణకుమారి అడగవలసినవన్నీ మళ్లీ అడిగింది. పాలు? లేవు. పెరుగు? మధ్యాహ్నం మాత్రమే. రాగి సంకటి? అదీ మధ్యాహ్నమే. గ్యాసు మాత్రలు, ఆకుపసర్లు? ఏవీ లేవు. ఆమె చెప్పిన ప్రతిదానికీ రోశమ్మ సాక్ష్యం పలికింది. నోటి చేదు పోవడానికి ఆదిలక్ష్మమ్మ ఒళ్లోని ఆకుల సంచి తీసి, ఒక తమలపాకు ఈనె గిల్లి, చూపుడువేలితో సున్నం రాసి, వక్కముక్క పెట్టి మడిచి బుగ్గన పెట్టుకుంది. వేలికి మిగిలిన సున్నాన్ని పక్క స్తంభానికి తుడిచింది. ఇంకొకటి మడిచి అరుణకుమారికిచ్చింది. ఇద్దరూ ఆకు నములుతూ, దీపాలు పెట్టే వేళ దాకా ఆ వసారాలో మాత్రలు ఎక్కడికి పోతున్నాయో ఆలోచించారు.

రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారి అరుణకుమారి స్నానానికి పోయినప్పుడు నీళ్లు కాచే కాగు లోపల చూసి ఆగిపోయింది. అడుగున, అంచుల వెంట, వేలి మందాన తెల్లటి సున్నం పేరుకుని ఉంది. పాలు, పెరుగు వద్దనడానికి కారణమే అది. వాటిలోని సున్నం, డాక్టర్లు కాల్షియం అంటారే అది, ఈ మాత్రను కడుపులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వదు. ఈ ప్రాంతపు బోరునీళ్ల నిండా ఉండేదీ అదే.

తడిచేతులతోనే బయటికి పరుగెత్తి వచ్చింది. "పెద్దమ్మా, ఈ నీళ్లతోనేనా మాత్ర మింగేది?"

"ఆ బోరునీళ్లా? అవి తాగితే మోకాళ్లు కొయ్యబారతయ్," అని ఆదిలక్ష్మమ్మ మూలనున్న ఫిల్టరు ప్లాంటు నీళ్ల క్యానును చూపించింది. "తాగేది అయ్యి. నిన్న రాత్రి నువ్వూ తాగినావు గదా."

తాగింది నిజమే. అరుణకుమారి ఉస్సూరుమంటూ మళ్లీ కాగు దగ్గరికి పోయింది.

పొద్దుటి మాత్ర కూడా ఆమె ఎదుటే మింగడం అయింది. మళ్లీ అదే పుక్కిలింత, అదే కళ్లకద్దుకోవడం, అదే నోరు తెరవడం. గంట తరువాత రక్తం తీసింది గాని, దాంట్లోనూ మందు ఉండదనే ఆమె మనసుకు తెలుస్తోంది. ఉండదు, ఈమె మింగడం కూడా నిజం. రెండూ ఎట్ల నిజమవుతాయి? తల వంచుకుని కూర్చున్న ఆమె ముందుకు ఆదిలక్ష్మమ్మ మడిచిన ఆకు చాపింది.

"దా, ఇది నములు. మొగమంతా వాడిపాయె."

అరుణకుమారి నోట్లో పెట్టుకుంది. సున్నం కాస్త ఎక్కువై నాలుక చివర చుర్రుమంది. ఆమె నమలడం ఆపింది. ఆకును చేతిలోకి ఉమ్మేసుకుని విప్పి చూసింది. ఆకు నడుమ, గోటికి అంటేంత తెల్లటి సున్నం ముద్ద.

"పెద్దమ్మా," అంది. "మాత్ర మింగినాక ఆకెప్పుడు వేసుకుంటావు?"

"ఎప్పుడేంది, అప్పుడే. ఆ చేదు ఇంకెట్ల పోతది?"

"ఏమీ తినగూడదని చెప్పినాను గదా!"

"తిన్లేదు గదా!" ఆదిలక్ష్మమ్మ నిజంగానే తెల్లబోయింది. "ఆకు తిండెట్లయితది పాపా? ఒక్కపొద్దు నాడు కూడా వేసుకుంటాం."

"ఆకుతో ఒక్కపొద్దు చెడేటట్టుంటే ఈ ఊర్లో ఒక్కరికీ పుణ్యం రాదు," అని గోడ అవతల నుంచి రోశమ్మ తీర్పు చెప్పింది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. నిన్న సాయంత్రం అరుణకుమారి పాల గురించి అడిగింది, పెరుగు గురించి, రాగుల గురించి అడిగింది. పొద్దున కాగులో సున్నం చూసి పరుగెత్తింది. ఆ అడిగినంతసేపూ తన బుగ్గన కూడా సున్నం రాసిన ఆకే ఉంది. తన తల్లి వేసుకుంటుంది, అవ్వ వేసుకునేది, పెళ్లిళ్లలో తానూ వేసుకుంటుంది. అలవాటైన వస్తువు కళ్లెదుట ఉన్నా కంటికి ఆనదు. అరుణకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రెండింటి మధ్యనే డాక్టరుకు ఫోన్ చేసింది.

విజయలక్ష్మి అంతా విని గట్టిగా నవ్వింది. "ఇన్నేళ్లుగా ఇక్కడ వైద్యం చేస్తున్నా అరుణా. ఆకు వేసుకుంటావా అని క్యాన్సర్ కోసం అడిగాను గాని, సున్నం కోసం ఒక్కరినీ అడగలేదు," అంది. సాయిరాఘవను కూడా ఫోన్‌లోకి పిలిచింది.

"సున్నమా?" అన్నాడతను. అవతల ల్యాప్‌టాప్ మీటలు టకటకలాడాయి. "కావచ్చు. కాకపోనూవచ్చు. ఆకు మానిపించి మళ్లీ రక్తం పంపండి సిస్టర్, చూద్దాం."

*

మానమని చెప్పడం తేలిక. ఆదిలక్ష్మమ్మ ముందు సున్నం లేకుండా ఆకు వేసుకుని చూసింది. ఉప్పులేని పప్పులాగుందని ఉమ్మేసింది.

"మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి వేసుకుంటే?" అని బేరం పెట్టింది.

"నీ ఒకటి నాకు తెలుసు పెద్దమ్మా. పొద్దుగూకేదాకా సాగుతుంది."

"వేలు పోతదంటావు?"

"పోనియ్యకూడదనే గదా ఈ పాట్లు. ఇంకోటి కూడా ఉంది. ఈ మందు నీ మీద పనిచేస్తుందని తేలితే, నీలాగే ఏ మందుకూ లొంగని పుండ్లున్నోళ్లు ఎందరో బతుకుతారు. నీ నోటి సున్నం వల్ల మందుకు చెడ్డపేరు రాకూడదు."

ఆదిలక్ష్మమ్మ ఆకుల సంచిని కాసేపు ఒళ్లో పెట్టుకుని నిమిరింది. పెళ్లయిన కాణ్ణుంచి ఆమె నడుము వదలని సంచి అది. తరువాత రోశమ్మను పిలిచి గోడ మీదుగా అందించింది. "నీ ఇంట్లో దాచు. నేనొచ్చి ఏడ్చినా ఇయ్యగాకు," అంది.

ఆ రోజు ఆ ఇంట్లో బతికిన వాళ్లకు తెలుస్తుంది ఆకు విలువ. ఆదిలక్ష్మమ్మ లవంగం నమిలింది, చింతగింజ బుగ్గన పెట్టుకుంది, ఏదీ కుదరలేదు. కోళ్లను తిట్టింది. మిరపకాయలు బాగా ఎండలేదని ఎండను తిట్టింది. మధ్యాహ్నానికి ఆంజనేయులు కనబడకపోతే, గడ్డివామి వెనక నిలబడి దొంగచాటుగా ఆకు నములుతూ దొరికాడు.

"నేనీడ నోరు కట్టుకుని సస్తుంటే నీకు ఆకు ఎట్ల దిగుతుందయ్యా!" అంది ఆమె.

"దిగడంల్యా. నువ్వు యాడ చూస్తావో అని భయంతో నమిలితే రుచేముంటది?" అని అతను దాన్ని ఉమ్మేసి, తానూ మానేశానన్నాడు. రోశమ్మ రెండిళ్లకూ వినబడేలా నవ్వింది.

అయితే సాయంత్రం మాత్ర మింగాక, చేదు నోటితో రెండు గంటలూ ఆమె కదలకుండా కూర్చుంది. ఒక్కసారి కూడా గోడ వైపు చూడలేదు. పక్కన కూర్చున్న అరుణకుమారి ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆ చూపుడువేలి చివర, ఏళ్ల తరబడి సున్నం తిని తెల్లగా పగిలిన చర్మం గరుకుగా తగిలింది. మరునాడు రక్తం తీసుకుని, చల్లపెట్టెతో దోర్నాలలో బస్సెక్కింది.

*

కట్టు మార్చే రోజు మార్కాపురంలో ఎండ పేలిపోతోంది. సాయిరాఘవ ముందే వచ్చి ఉన్నాడు. ఈసారి కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

విజయలక్ష్మి కట్టు విప్పుతుంటే ఆంజనేయులు గోడ వైపు తిరిగాడు. చివరి పొర ఊడి రాగానే ఆమె "ఆఁ" అంది. ఆ "ఆఁ" లోని సంతోషం విని అతను గబుక్కున ఇటు తిరిగాడు. పుండు అడుగున బూడిదరంగు పోయి, ఎర్రటి కొత్త కండ పుట్టుకొస్తోంది. అంచులు దగ్గరపడ్డాయి.

"వేలు నీదే ఆదిలక్ష్మమ్మా," అంది డాక్టరు. "ఇంక దాన్ని ఎవరూ తియ్యరు."

సాయిరాఘవ గొంతు సవరించుకున్నాడు. "రక్తంలో మందు నిండుగా ఉందమ్మా. ఆకు మానకముందు తీసిన రక్తంలో లేదు, మానినాక తీసిన దాంట్లో ఉంది. సిస్టర్ చెప్పిందే నిజం. ఈ మందు పరీక్షించే ఊర్లన్నింటిలో ఇక మీదట సున్నం గురించి అడగమని మావాళ్లు చెప్తున్నారు." ఆమె కాలి వైపు చూశాడు. "మా అవ్వ కూడా రోజంతా ఆకు నమిలేది. నాకూ తట్టలేదు. మిమ్మల్ని అట్ల అని ఉండకూడదు. తప్పయిపోయింది."

"మా యమ్మి సున్నం దేశమంతా పోయిందన్నమాట!" అని ఆంజనేయులు మీసం దువ్వుకున్నాడు. అందరూ నవ్వారు. అరుణకుమారికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లకు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆదిలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు. కొత్త కట్టు వేయించుకుంటూ తన వేలి వైపే చూస్తోంది.

"నీ మీద నాకు కోపం ల్యా నాయనా," అంది చివరికి. "ఆ రోజు నువ్వడిగినప్పుడు రెండుసార్లూ చెప్పినా, మింగినానని. ఇంటికి పోయినాక భయమేసింది. పుండు మానడంల్యా. రక్తంలో మందు లేదని మిషన్లో చూసి చెప్తిరి. సదువుకున్నోళ్లు అబద్దం ఎందుకు చెప్తారు? అయితే నేనే చెప్తున్నానా అనిపించింది. మింగినాననుకుని యాడన్నా పెట్టి మరిచిపోతున్నానేమో, నా మతి పోతున్నాదేమో అని. నమ్ముతావో లేదో, పరుపు కింద వెతుక్కున్నా. పెరట్లో కూడా పోయి చూసొచ్చినా."

విజయలక్ష్మి కట్టు చివర ముడివేసింది.

"ఈ పాప సున్నం అన్నాక కూడా, అది తేలేదాకా నాకు నమ్మకం రాలా. మాత్ర మింగిన ప్రతిసారీ ఈయన్నడిగేదాన్ని, నేను మింగింది నువ్వు చూసినావు గదా అని. ఈయనకు విసుగు. ఎన్నిసార్లు అడుగుతావే ముసలిదానా, పనిలేదా అనేటోడు. నేనెందుకు అడుగుతున్నానో ఈయనకు చెప్పలా. చెప్తే ఈయన కూడా అనుమానపడతాడేమో అని."

సాయిరాఘవ తల వంచుకున్నాడు. అరుణకుమారి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఆంజనేయులు వంగి, బల్ల కింద ఉన్న ఆమె చెప్పును తీసి, కట్టు మీదికి పట్టేలా దాని పట్టీ వదులు చేశాడు. వదులు చేసినా చాలాసేపు దాంతోనే ఏదో పని ఉన్నట్టు తల ఎత్తలేదు. తరువాత మెల్లగా ఆమె కాలికి తొడిగాడు.

"చూసినానే," అన్నాడు. "నువ్వు మింగిన ప్రతిసారీ చూసినా."